సర్టిఫికేషనా, ఎంసీఏనా? ముందు మీ రెజ్యూమే ఎక్కడ ఆగుతోందో చూడండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: బీఎస్సీ ఎంపీసీఎస్ చదివారు, రెండేళ్లుగా బెంగళూరు ఎలక్ట్రానిక్ సిటీలో ఐటీ సపోర్ట్, అదీ షిఫ్టుల్లో. క్లౌడ్ వైపు మారాలనుంది. మారతహళ్లిలో ఒక ఇన్‌స్టిట్యూట్ ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్), డెవాప్స్ (సాఫ్ట్‌వేర్ విడుదల, నిర్వహణ), 'జాబ్ అసిస్టెన్స్' అన్నీ కలిపి 65,000 రూపాయలు అడుగుతోంది. నాన్నగారేమో ఎంసీఏ చెయ్యమంటున్నారు. రెండింటికీ సరిపడా డబ్బు లేదు, తీరిక అంతకన్నా లేదు. ఏది ముందు?

డిగ్రీ గొప్పదా, సర్టిఫికేషన్ గొప్పదా అని మొదలుపెడితే తెల్లారేదాకా తెగదు. అవి రెండూ ఒకే పనికి వచ్చే కాగితాలు కావు. డిగ్రీకి గడువు తీరడం ఉండదు, కానీ అవసరం పడిన రోజున అప్పటికప్పుడు తెచ్చుకోలేరు. సర్టిఫికేషన్ మూడు నెలల్లో వస్తుంది, మూడేళ్లలో పోతుంది. కాబట్టి మీ ప్రయత్నం ఏ మెట్టు దగ్గర ఆగుతోందో ముందు తేల్చుకోండి. మెట్లు మూడే: అసలు ఫోనే రాకపోవడం, ఫోన్ వచ్చి టెక్నికల్ రౌండ్‌లో పోవడం, ఆఫర్ దాకా వచ్చి బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో ఇరుక్కోవడం.

దీన్ని కనుక్కోవడానికి ఒక నెల చాలు. నౌక్రీలో ప్రతి ప్రకటన అడుగున 'ఎడ్యుకేషన్' అని ఒక వరుస ఉంటుంది. కొన్నిటిలో 'ఎనీ గ్రాడ్యుయేట్' అని, కొన్నిటిలో బీటెక్, బీఈ, ఎంసీఏ అని ఉంటుంది. రెండు రకాలకూ విడివిడిగా ఇరవయ్యేసి అప్లై చేసి, ఏ వైపు నుంచి ఎన్ని ఫోన్లు వచ్చాయో రాసుకోండి. 'ఎనీ గ్రాడ్యుయేట్' వాళ్లు పిలిచి బీటెక్ అడిగేవాళ్లు పిలవకపోతే అడ్డం పడుతున్నది డిగ్రీయే. రెండు వైపులా నిశ్శబ్దమైతే తప్పు డిగ్రీది కాదు. రెజ్యూమే పైన 'డెస్క్‌టాప్ సపోర్ట్' అని ఉండి, లోపల లైనక్స్ (సర్వర్లు నడిపే ఆపరేటింగ్ సిస్టమ్) అన్న మాటే లేకపోతే క్లౌడ్ ఉద్యోగాలు వెతికే రిక్రూటర్‌కు మీరు కనబడరు. ఫోన్లు వస్తూ మొదటి రౌండ్‌లోనే పోతుంటే ఎంసీఏ చేసినా అక్కడే పోతారు.

నాన్నగారి మాటను తేలిగ్గా కొట్టిపారేయకండి. డిగ్రీ అడిగే తలుపులు ఐటీలో ఇంకా చాలా ఉన్నాయి. క్యాంపస్ రిక్రూట్‌మెంట్ సంగతి మీకు దాటిపోయింది, వదిలేద్దాం. మిగిలినవాటిలో పెద్దది విదేశం. అమెరికా ఉద్యోగ వీసా హెచ్-1బీకి వాళ్ల నాలుగేళ్ల బ్యాచిలర్స్‌కు సమానమైన చదువు చూపాలి. మన మూడేళ్ల బీఎస్సీ ఒక్కటే మామూలుగా సరిపోదు. తక్కువైన ఒక్కో విద్యా సంవత్సరానికి మూడేళ్ల సంబంధిత అనుభవాన్ని లెక్కగట్టి కలుపుతారు, దానికి ఇవాల్యుయేషన్ రిపోర్టు కావాలి. ఆ అనుభవం కూడా క్రమంగా బాధ్యత పెరిగిన ఉద్యోగానిదై ఉండాలి. పాస్‌వర్డ్ రీసెట్ టికెట్లు మూడేళ్లు మూసినది చూపిస్తే లాయరే ఒప్పుకోడు. ఆ తర్వాత గ్రీన్‌కార్డ్‌కు ఈబీ-2 (పై చదువులున్నవాళ్ల కోటా) కింద వెళ్లాలంటే ఈ మూడుకు ఒకటి లెక్క అక్కడ పనికిరాదు. బీఎస్సీ మీద ఎంసీఏ ఉంటే ఈ చిక్కులు చాలావరకు తీరతాయి. కెనడా ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో (శాశ్వత నివాసానికి పాయింట్ల పద్ధతి) డిగ్రీని మదింపు చేయించుకుంటే పాయింట్లొస్తాయి, ఏడబ్ల్యూఎస్ సర్టిఫికెట్‌కు ఒక్కటీ రాదు.

జర్మనీ కొంచెం వేరు. 2023 నవంబరు నుంచి ఐటీవాళ్లకు డిగ్రీ లేకున్నా బ్లూ కార్డ్ (అక్కడ ఉండి పనిచేసే అనుమతి) ఇస్తున్నారు. గత ఏడేళ్లలో కనీసం మూడేళ్ల ఐటీ అనుభవం, అదీ డిగ్రీ చదివినవాళ్లు చేసే స్థాయి పని అయి ఉండాలి, జీతం వాళ్లు పెట్టిన హద్దు దాటాలి. ఇక్కడ కూడా లెక్కకొచ్చేది అనుభవమే.

ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగం మాట కూడా వస్తుంటే ఇది చూడండి. బ్యాంకుల్లో ఐటీ ఆఫీసర్ పోస్టుకు కంప్యూటర్ లేదా ఎలక్ట్రానిక్స్ వైపు నాలుగేళ్ల ఇంజనీరింగ్, లేదా ఆ సబ్జెక్టుల్లో పీజీ, లేదా డిగ్రీ మీద నీలిట్ (కేంద్ర ప్రభుత్వ ఐటీ శిక్షణ సంస్థ) 'బి' లెవెల్ ఉండాలి. డిగ్రీతో సమానంగా సర్కారు ఒప్పుకునే సర్టిఫికెట్ అంటే ఇలాంటిదే. అమెరికా కంపెనీల బ్యాడ్జీ ఎంత మెరిసినా ఆ కిటికీ దగ్గర చెల్లదు.

తమాషా ఏమిటంటే పెద్ద సర్టిఫికేషన్లే డిగ్రీ ఉందా అని అడుగుతాయి. ప్రాజెక్ట్ మేనేజర్ల సర్టిఫికేషన్ పీఎంపీకి 35 గంటల శిక్షణతో పాటు ప్రాజెక్టులు నడిపిన అనుభవం కావాలి. బ్యాచిలర్స్ ఉంటే 36 నెలలు, లేకపోతే 60 నెలలు. సెక్యూరిటీలో సీఐఎస్‌ఎస్‌పీకి ఐదేళ్ల అనుభవం అడుగుతారు, నాలుగేళ్ల డిగ్రీ ఉంటే ఒక ఏడాది తగ్గిస్తారు. అనుభవం లేకుండానే పరీక్ష పాసైతే 'అసోసియేట్' అంటారు, మిగతా అనుభవం పూర్తిచేసుకోవడానికి ఆరేళ్లు గడువిస్తారు. 'మూడు నెలల్లో సీఐఎస్‌ఎస్‌పీ' అని బీటీఎం లేఅవుట్ స్తంభాల మీద అంటించిన కాగితం చూసి ఫ్రెషర్లు డబ్బు కడితే అది గాలికి పోయిన పేలపిండే.

ఇప్పుడు ఎంసీఏ ఎలా చెయ్యాలి. ఉద్యోగం మానేసి రెగ్యులర్‌గా చేరడం మీ పరిస్థితిలో నేను చెప్పను. రెండేళ్ల జీతమూ పోతుంది, రెండేళ్ల అనుభవమూ పోతుంది. ఉద్యోగం చేస్తూనే రెగ్యులర్ కోర్సులో పేరు వేయించుకుని పరీక్షలకు మాత్రం వెళ్లడం మన వైపు మామూలే, కానీ అది తర్వాత మెడకు చుట్టుకుంటుంది. ఒకే తేదీల్లో ఫుల్‌టైమ్ ఉద్యోగమూ ఫుల్‌టైమ్ చదువూ కనబడితే వెరిఫికేషన్ ఏజెన్సీ రెండిటిలో ఒకటి అబద్ధమని రాస్తుంది. సరైన దారి ఆన్‌లైన్ లేదా డిస్టెన్స్ ఎంసీఏ. యూజీసీ 2020 నిబంధనల ప్రకారం గుర్తింపు ఉన్న ఆన్‌లైన్, డిస్టెన్స్ డిగ్రీలు రెగ్యులర్ డిగ్రీతో సమానం. చేరేముందు యూజీసీ డిస్టెన్స్ ఎడ్యుకేషన్ బ్యూరో సైట్‌లో ఆ యూనివర్సిటీ పేరు మాత్రమే కాదు, మీరు చేరే సెషన్‌కు, ఆ కోర్సుకు అనుమతి ఉందో లేదో చూడండి. నిరుడున్న అనుమతి ఈ ఏడు ఉండకపోవచ్చు. 2024 నుంచి చేరికకు డెబ్ ఐడీ (ఆ బ్యూరో సైట్ ఇచ్చే నంబరు) తప్పనిసరి. దాన్ని మీ అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ (చదువు క్రెడిట్లు దాచే ప్రభుత్వ ఖాతా) నంబరుతో మీరే తీసుకోవాలి. ఏజెంటు 'మేం చూసుకుంటాం సార్' అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. ఎంసీఏకు చాలా యూనివర్సిటీలు ఇంటర్‌లోనో డిగ్రీలోనో మ్యాథ్స్ అడుగుతాయి. మీది ఎంపీసీఎస్ కాబట్టి ఇబ్బంది లేదు. కోర్సు రెండేళ్లు, నాలుగు సెమిస్టర్లు. రెజ్యూమేలో అది ఆన్‌లైన్ అని దాచకుండా రాయండి.

ఇంజనీరింగ్‌కు మాత్రం ఈ సౌకర్యం లేదు. 'డిస్టెన్స్ బీటెక్' అని ఎవరన్నా అమ్మితే కొనకండి. కరస్పాండెన్స్‌లో ఇచ్చిన ఇంజనీరింగ్ డిగ్రీల మీద 2017లో సుప్రీంకోర్టు తీర్పుతో ఎంతోమంది కాగితాలు చిక్కుల్లో పడ్డాయి. అసలు డిగ్రీయే లేనివాళ్లు, ఇంటర్‌తోనో డిప్లొమాతోనో ఆగినవాళ్లు, ఐఐటీ మద్రాసు 2020లో మొదలుపెట్టిన ఆన్‌లైన్ బీఎస్ చూడొచ్చు. జేఈఈ అక్కర్లేదు, వాళ్ల క్వాలిఫయర్ పాసవ్వాలి. మధ్యలో ఆపినా దశను బట్టి సర్టిఫికెట్, డిప్లొమా, బీఎస్సీ ఇచ్చి పంపుతారు. పరీక్షలు మాత్రం సెంటర్‌కు వెళ్లి రాయాలి, చూసినంత తేలిక కాదు.

ఇక సర్టిఫికేషన్లు. కంపెనీలు వీటికి విలువ ఇవ్వడంలో ఒక స్వార్థముంది. క్లౌడ్ సంస్థల దగ్గర పార్ట్‌నర్ హోదా రావాలన్నా, పై మెట్టెక్కాలన్నా తమ ఉద్యోగుల్లో ఇంతమందికి ఫలానా సర్టిఫికేషన్లు ఉండాలని షరతు ఉంటుంది. అందుకే సర్వీస్ కంపెనీల్లో ఫీజు వాళ్లే కడతారు. మీ ఇప్పటి ఆఫీసులో లెర్నింగ్ టీమ్‌ను ముందు అడగండి. వోచర్ ఇస్తే తీసుకోండి, కానీ తిరిగి కట్టే షరతు చదవండి. పాసైన ఏడాదిలోపు మానేస్తే ఫీజు కోసుకుంటామని చాలాచోట్ల ఉంటుంది. కోసుకున్నా ఒక పరీక్ష ఫీజే కదా, భయపడేంత మొత్తం కాదు.

సర్టిఫికేషన్లలో రెండు జాతులున్నాయి. ఒకటి జవాబులు టిక్కు పెట్టేది. ఏడబ్ల్యూఎస్ సొల్యూషన్స్ ఆర్కిటెక్ట్ అసోసియేట్ ఈ రకం: 130 నిమిషాలు, 65 ప్రశ్నలు, అందులో 15కు మార్కులుండవు కానీ అవేవో మీకు తెలియదు. వెయ్యికి 720 రావాలి. ఫీజు 150 డాలర్లు, పైన పన్ను, వెరసి 15,000 రూపాయల చుట్టుపక్కల. తప్పితే 14 రోజులు ఆగాలి. మూడేళ్లు చెల్లుతుంది. మైక్రోసాఫ్ట్ క్లౌడ్ అజ్యూర్‌లో అడ్మినిస్ట్రేటర్ సర్టిఫికేషన్ ఒక్క ఏడాదే చెల్లుతుంది, కానీ గడువు తీరక ముందు ఆరు నెలల్లో ఎప్పుడైనా ఇంట్లో కూర్చుని ఉచితంగా పొడిగించుకోవచ్చు. గడువు గుర్తుచేస్తూ వచ్చే మెయిల్ చూడకుండా వదిలేస్తే మళ్లీ మొదటి నుంచీ డబ్బు కట్టి రాయాలి, ఇలా పోగొట్టుకునేవాళ్లు చాలామంది.

రెండో జాతి, సిస్టమ్ ముందు కూర్చోబెట్టి పని చేయించేది. రెడ్‌హ్యాట్ కంపెనీ లైనక్స్ పరీక్ష ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ, కంటైనర్లను నడిపే కుబర్నెటిస్ మీద సీకేఏ ఈ రకం. ఇంటర్వ్యూ చేసే సీనియర్ దగ్గర వీటికున్న మర్యాద వేరు. డంప్స్ (బయటికి పొక్కిన ప్రశ్నలు, జవాబులు) బట్టీపట్టి పాసవడం వీటిలో కుదరదని ఆయనకు తెలుసు. టిక్కు పరీక్షల్లో కుదురుతుంది, అదే వాటి శాపం. డంప్స్‌తో పట్టుబడితే సర్టిఫికెట్ రద్దు చేస్తారు, ఇంటర్వ్యూలో పట్టుబడటం అంతకన్నా ముందే జరుగుతుంది. ఒక మామూలు ప్రశ్న చెబుతాను: 'ప్రైవేట్ సబ్‌నెట్‌లో (బయటి నుంచి నేరుగా చేరలేని నెట్‌వర్క్ భాగంలో) ఉన్న సర్వర్ ఇంటర్నెట్ నుంచి ప్యాచ్ దించుకోవాలి, ఎలా?' నాట్ గేట్‌వే (లోపలి సర్వర్లను బయటికి వెళ్లనిచ్చే ద్వారం) అని అందరూ అంటారు. 'దాన్ని ఏ సబ్‌నెట్‌లో పెడతావు?' పబ్లిక్ సబ్‌నెట్‌లో. ప్రైవేట్ సబ్‌నెట్ రూట్ టేబుల్‌లో (దారులు రాసే పట్టికలో) 0.0.0.0/0, అంటే బయటి అడ్రసులన్నీ, ఆ నాట్ వైపు చూపాలి. ఇక్కడికి సగం మంది మిగులుతారు. 'అన్నీ సరిగానే పెట్టావు, అయినా దిగట్లేదు, ఎందుకు?' సర్వర్‌కు కాపలా కాసే సెక్యూరిటీ గ్రూప్ వెళ్లినదాన్ని గుర్తుపెట్టుకుని తిరిగొచ్చే జవాబును రానిస్తుంది. సబ్‌నెట్‌కు ఉండే నెట్‌వర్క్ ఏసీఎల్ అనే కాపలాకు ఆ జ్ఞాపకం లేదు. జవాబు తిరిగొచ్చే 1024 నుంచి 65535 పోర్టులను లోపలికి రానివ్వమని మనమే రాయాలి. ఒక్కసారి చేత్తో చేసి చెడగొట్టుకున్నవాడికి ఇది నోటికొస్తుంది. డంప్ చదివినవాడు సీలింగ్ ఫ్యాన్ వైపు చూస్తాడు.

అందుకే నా సలహా: మీరు ఏడబ్ల్యూఎస్‌తో మొదలుపెట్టకండి, ఆర్‌హెచ్‌సీఎస్‌ఏతో మొదలుపెట్టండి. సపోర్ట్ నుంచి వచ్చేవాళ్లకు లైనక్స్ అనేది పునాది, క్లౌడ్ దానిపైన అంతస్తు. పైగా సపోర్ట్ నుంచి నేరుగా 'క్లౌడ్ ఇంజనీర్' అవడం కష్టం కానీ 'లైనక్స్ అడ్మిన్' కావడం అంత దూరం కాదు. ఆ పోస్టులు ఎక్కువగా 'ఎనీ గ్రాడ్యుయేట్' కిందే ఉంటాయి.

సాధనకు 16 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్ ఉంటే మేలు, 8 జీబీతోనూ నెట్టుకురావచ్చు. వర్చువల్‌బాక్స్‌లో (ల్యాప్‌టాప్ లోపలే వేరే కంప్యూటర్లు నడిపే టూల్) రెడ్‌హ్యాట్‌ను పోలిన ఉచిత రాకీ లేదా అల్మా లైనక్స్‌తో రెండు మెషిన్లు పెట్టండి, ఒక్కోదానికి 2 జీబీ ర్యామ్, 20 జీబీ డిస్క్, ఎల్‌వీఎం (డిస్కును భాగాలుగా పంచే పద్ధతి) సాధనకు వేరుగా 10 జీబీ డిస్క్ ఒకటి. పరీక్ష మూడు గంటలు, 300కు 210 రావాలి. ఇందులో జనం పోయేది తెలివి తక్కువై కాదు, రీబూట్ మరిచిపోయి. మీ మెషిన్‌ను రీబూట్ చేశాకే మార్కులు వేస్తారు. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో (ఏ డిస్కు ఎక్కడ తగిలించాలో రాసే ఫైల్) ఒక అక్షరం తప్పు పడితే మెషిన్ ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోతుంది, మిగతా ప్రశ్నలన్నీ సరిగ్గా చేసినా దిద్దడానికి ఏమీ మిగలదు. అందుకని ఆ ఫైల్ ముట్టుకున్న ప్రతిసారీ 'మౌంట్ -ఏ' కొట్టి చూసి, తర్వాత రీబూట్ చేసి చూడండి. ఫైర్‌వాల్ రూల్‌ను 'పర్మనెంట్' లేకుండా రాస్తే రీబూట్‌తో ఎగిరిపోతుంది. 'పర్మనెంట్'తో రాసి రీలోడ్ చెయ్యకపోతే అప్పటికప్పుడు పనిచేయదు. మరిచిపోయిన రూట్ (అడ్మిన్) పాస్‌వర్డ్‌ను బూట్ మధ్యలో ఆపి మార్చేటప్పుడు ఆటోరీలేబెల్ ఫైల్ పెట్టకపోతే పాస్‌వర్డ్ సరిగ్గానే కొట్టినా లాగిన్ కాదు. లేబుల్ తప్పిన షాడో ఫైల్‌ను (పాస్‌వర్డులుండే ఫైల్) లైనక్స్ భద్రతా కాపలా ఎస్‌ఈలైనక్స్ చదవనివ్వదు కాబట్టి. 'ఎస్‌ఈలైనక్స్‌ను ఆపేస్తే సరి' అని యూట్యూబ్‌లో చెప్పే మహానుభావుల మాట పరీక్షలోనూ వినకండి, ఉద్యోగంలోనూ వినకండి.

రోజుకు గంటన్నర, వారాంతం నాలుగు గంటలు పెడితే మూడు నుంచి నాలుగు నెలలు. నైట్ షిఫ్ట్ వారాల్లో వీడియోలు చూడకండి, నిద్రొస్తుంది. ముందు రోజు చేసిన పనులనే చూడకుండా మళ్లీ చెయ్యండి. తర్వాత రెండున్నర నెలలు ఏడబ్ల్యూఎస్. 2025 జులై తర్వాత తెరిచిన కొత్త ఖాతాలకు ఆరు నెలల ఉచిత ప్లాన్ ఉంటుంది, చేరగానే 100 డాలర్ల క్రెడిట్, చెప్పిన పనులు చేస్తే మరో 100 దాకా ఇస్తారు. ఆ ఆరు నెలలు లైనక్స్ పరీక్ష కాకముందే మొదలుపెట్టి వృథా చేసుకోకండి. మొదటి రోజే 5 డాలర్లకు బడ్జెట్ అలర్ట్ పెట్టండి. అందరూ బలయ్యేది పైన చెప్పిన నాట్ గేట్‌వేకే. ముంబై రీజియన్‌లో గంటకు 5 సెంట్లు దాటుతుంది, మరిచిపోయి నెలంతా వదిలేస్తే 40 డాలర్లు మింగుతుంది. 2024 ఫిబ్రవరి నుంచి పబ్లిక్ ఐపీవీ4 అడ్రసుకూ గంటకు అర సెంటు వసూలు చేస్తున్నారు. సాధన అయిన వెంటనే కూల్చేయండి, మర్నాడు మళ్లీ కట్టండి. నాలుగోసారికి విసుగొచ్చి టెర్రాఫామ్ (ఇదంతా కోడ్‌తో కట్టి కూల్చే టూల్) నేర్చుకుంటారు, అది నేర్చుకోవలసిన సరైన కారణం కూడా అదే.

క్లౌడ్ ప్రాక్టీషనర్ అనే చిన్న పరీక్ష మీకు అక్కర్లేదు, టెక్నికల్ రౌండ్‌లో దానికి విలువ లేదు. అయితే ఒక లెక్క ఉంది. దాని ఫీజు 100 డాలర్లు, పాసైతే తర్వాతి పరీక్షకు సగం తగ్గింపు. అంటే రెండూ కలిపి 175, నేరుగా అసోసియేట్ రాస్తే 150. పరీక్ష భయం ఉన్నవాళ్లు ఆ 25 డాలర్లు రిహార్సల్ ఖర్చనుకోవచ్చు. సీకేఏ ఇప్పుడే వద్దు. 2024 ఏప్రిల్ నుంచి దాని గడువు రెండేళ్లకు తగ్గించారు. ఉద్యోగంలో కుబర్నెటిస్ ముట్టుకోకుండా తీసుకుంటే మీకు అక్కరకొచ్చేనాటికి కాలం చెల్లిపోతుంది.

మారతహళ్లి ఇన్‌స్టిట్యూట్‌కు 65,000 కట్టొద్దు. ఆ డబ్బులో ఈ రెండు పరీక్షలూ వచ్చి ఇంకా మిగలొచ్చు. ఒంటరిగా చదవలేను, ఎవరన్నా తోలాలి అనుకుంటే ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లడం తప్పేం కాదు, కానీ కట్టే ముందు అడగండి: పరీక్ష ఫీజు ఇందులో ఉందా, ల్యాబ్ ఖాతా ఎవరిది, పాఠం చెప్పేది ఎవరు, జీఎస్‌టీ బిల్లు ఇస్తారా. 'అసిస్టెన్స్' అంటే ఏమిటో కాగితం మీద రాయించుకోండి. దాని అర్థం 'మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్ పెట్టిస్తాం' అని తేలితే ఒక్క రూపాయి కూడా కట్టకండి. ఇప్పుడు కంపెనీలు యూఏఎన్ నంబరుతో పీఎఫ్ సర్వీస్ హిస్టరీ చూస్తాయి. మీరు ఎలక్ట్రానిక్ సిటీలో ఉన్నారని పీఎఫ్ చెబుతుంటే, వేరే కన్సల్టెన్సీలో ఉన్నారని రెజ్యూమే చెబితే దొరికిపోతారు. చేరిన ఆరు నెలలకు దొరికినా తీసేస్తారు, రిలీవింగ్ లెటర్ కూడా చేతికి రాదు.

ఎంసీఏ మాట. నెల పరీక్షలో బీటెక్, ఎంసీఏ అడిగేవాళ్ల దగ్గరే మీరు ఆగుతున్నారని తేలినా, నాలుగైదేళ్లలో విదేశం ఆలోచన ఉన్నా ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ అయ్యాక వచ్చే సెషన్‌లోనే ఆన్‌లైన్‌లో చేరండి. జనవరి, జులై రెండు విడతలుంటాయి. అక్కడ నేర్చుకునేదాని కోసం కాదు, ఆ కాగితం కోసం. కాబట్టి గుర్తింపు ఉన్నవాటిలో ఫీజు తక్కువది చాలు. ఈ రెండూ లేకపోతే రెండేళ్లు వాయిదా వెయ్యండి, నష్టం లేదు.

చివరగా పేరు సంగతి, మనవాళ్లకే ఎక్కువగా వచ్చే తలనొప్పి ఇది. టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందు, డిగ్రీలో ఒట్టి ఇనిషియల్, పాస్‌పోర్టులో ఇంటిపేరు సర్‌నేమ్ గడిలో ఉంటాయి. పరీక్షకు రిజిస్టర్ అయ్యేటప్పుడు పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయండి. ఐడీతో పేరు కలవకపోతే సెంటర్లో కూర్చోనివ్వరు, ఫీజు పోతుంది. అలాగే డిగ్రీ పాసైన ఏడాది అన్న చోట బ్యాచ్ ఏడాది రాయకండి. ఒక్క సప్లీ మిగిలి మరుసటి ఏడు క్లియర్ చేసి ఉంటే కన్సాలిడేటెడ్ మెమో మీద ఉన్న నెల, ఏడాది రాయాలి, ఏజెన్సీ సరిచూసేది అదే. ప్రొవిజనల్‌తోనే నెట్టుకొస్తుంటే ఓడీకి (ఒరిజినల్ డిగ్రీకి) ఇప్పుడే అప్లై చెయ్యండి. ఆఫర్ వచ్చాక అప్లై చేస్తే యూనివర్సిటీ కౌంటర్ మీ జాయినింగ్ డేట్ చూసి పనిచెయ్యదు.